ఏకగ్రీవం అనే మెడనొప్పి

మా సంఘం మొదటి రాజ్యాంగాన్ని మా నాన్న రాశారు. 1979లో, మా వంటింటి బల్ల మీద, నా లెక్కల పుస్తకాన్ని పక్కకు నెట్టి. నాకప్పుడు పన్నెండేళ్లు. గుంటూరు నుంచి వచ్చి ఏడాదే అయింది. పెద్దవాళ్లు గొప్ప పని చేస్తుంటే పిల్లల లెక్కలు ఆగిపోవాలన్న నియమం రెండు దేశాల్లోనూ ఒకటేనని ఆ సాయంత్రం తెలుసుకున్నాను.

వర్జీనియాలో షాంటిలీ అంటే అప్పటికి పొలాలెక్కువ, ఇళ్లు తక్కువ. విమానాలు మాత్రం నెత్తి మీదుగా దిగేవి. దాంతో ఎక్కడో ముఖ్యమైన చోటే ఉన్నామన్న నమ్మకం కలిగేది. ఆ చుట్టుపక్కల ఐదు తెలుగు క్రైస్తవ కుటుంబాలు పోగై, ఒక అమెరికన్ చర్చివాళ్లని అడిగి వాళ్ల బేస్‌మెంటు తీసుకున్నాయి. పైన వాళ్ల ఆరాధన, కింద మా ఆరాధన. పైవాళ్లు ఆర్గన్ వాయిస్తే మా నెత్తి మీది ట్యూబులైట్లు వణికేవి. పరిశుద్ధాత్మ అని చిన్నపిల్లలు కొంతకాలం అనుకున్నారు. పెద్దవాళ్లెవరూ కాదనలేదు.

సంఘం అన్నాక నియమాలుండాలి కదా. ఐదు కుటుంబాల మగవాళ్లు మా ఇంట్లో కూర్చున్నారు. ఆడవాళ్లు పక్కగదిలో కూర్చుని ఎవరి కూరలో ఉప్పెక్కువైందో తేల్చుకున్నారు. నాన్న డ్రాఫ్ట్స్‌మన్. గీత గీసినా అక్షరం రాసినా ముత్యమే. అందుకని కలం ఆయన చేతికిచ్చారు. ఆరాధన తెలుగులో జరగాలి. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు జరగాలి. కుటుంబానికి ఒక ఓటు. ఆ ఓటు ఇంటి యజమానిది. ఇంతవరకూ టీ చల్లారేలోపే అయిపోయింది. చివర్లో, ఈ నియమాల్లో దేన్ని మార్చాలన్నా ఎలా మార్చాలన్న ప్రశ్న వచ్చింది.

"అందరూ ఒప్పుకుంటేనే అని రాసేయండి" అన్నారెవరో.

"అలా బావుండదండీ" అన్నారు నాన్న. "'ఏకగ్రీవంగా' అంటే ఒక నిండుదనం ఉంటుంది."

నిండుదనం అందరికీ నచ్చింది. ఆ రోజు అన్నిటికీ అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోవడానికి వాళ్ల మధ్య తేడాలేం లేవు మరి. అందరివీ సోమవారం నుంచి శుక్రవారం దాకా చేసే ఉద్యోగాలే. అందరివీ పాత కార్లే. అందరికీ మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆకలేసేది.

ఆ నిండైన మాట ఎనిమిదేళ్ల తర్వాత మా అమ్మ మెడకి చుట్టుకుంది.

అమ్మ నర్సు. 1987 నాటికి ఆవిడది ఆదివారం డ్యూటీ, ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా. వారాంతం పనిచేసేవాళ్లకి ఆసుపత్రి కొంచెం ఎక్కువిస్తుంది. ఆ కొంచెంతో నేను కాలేజీలో చదువుతున్నాను. కాబట్టి ఈ విషయంలో నేను మరీ ఎక్కువ జోకులు వేయకూడదు. వేయకుండా ఉండలేను గానీ, వేయకూడదని తెలుసు.

అమ్మ ఏడాదిగా ఆరాధనకి రాలేదు. దేవుడు ఆసుపత్రిలోనూ ఉంటాడని అయ్యగారు అన్నారు. మా సంఘంలో పాస్టర్‌ని అయ్యగారనే పిలుస్తాం. ఆయన వారమంతా నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసి ఆదివారం ప్రసంగం చెప్పేవారు. మాట మెత్తన, మనిషి మెత్తన. గొడవ వస్తుందనిపిస్తే ముందే ప్రార్థన మొదలుపెట్టేసేవారు.

"దేవుడుంటాడండీ" అంది అమ్మ. "కానీ తెలుగు రాదు."

అమ్మకి కావలసింది అదే. వారానికోసారి నలుగురి మధ్య కూర్చుని తెలుగులో పాడటం. వారమంతా ఆవిడ మాట్లాడేది రక్తపోటు గురించి, అదీ ఇంగ్లీషులో. పైగా మా సంఘంలో కీర్తన ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ రావడం మానేశాక ఆ పని అయ్యగారి మీద పడింది. ఆయన మొదటి పాదమే ఎంత ఎత్తున అందుకునేవారంటే, రెండో చరణానికి మగవాళ్లంతా పెదవులు మాత్రం కదిపేవారు. మూడో చరణం ఆయనొక్కరే, కళ్లు మూసుకుని, సాక్షుల్లేకుండా పాడేవారు.

నేను ప్రతివారం టేప్ రికార్డర్ పెట్టి ఆరాధనంతా రికార్డు చేసి తెచ్చేదాన్ని. సోమవారం అమ్మ వంట చేస్తూ అది వినేది. ఆ క్యాసెట్లలో ప్రసంగం నాలుగోవంతు ఉంటే, పైవాళ్ల ఆర్గన్ సగం, మిగిలింది ఎవరి పిల్లాడో ఏడ్చిన ఏడుపు. అయినా అమ్మ పోపు వేస్తూ టేపుతో పాటు పాడేది. ఆమేన్ అనేది. కూడిక మొదట్లో అయ్యగారు "అందరికీ వందనాలు" అనగానే గరిటె పట్టుకునే "వందనాలండీ" అనేది.

"అమ్మా, అది టేపు" అన్నాను ఒకరోజు.

"తెలుసే. తిరిగి పలకదని కూడా తెలుసు" అంది.

నేను వెళ్లి టేపు శబ్దం కొంచెం పెంచాను.

చేయవలసింది చాలా చిన్న పని. ఆరాధన ఉదయం పదికి కాకుండా సాయంత్రం నాలుగుకి పెడితే చాలు. అమ్మ డ్యూటీ దిగి తిన్నగా వచ్చేయొచ్చు. మధ్యాహ్నం చర్చి భవనమంతా ఖాళీ. ఆర్గన్ ఉండదు, ట్యూబులైట్లు నిలకడగా వెలుగుతాయి. నాన్న లేచి ప్రతిపాదించారు. అప్పటికి సంఘంలో పదకొండు కుటుంబాలు. అమెరికా మొదటి రాష్ట్రాల్లా పదమూడైతే ఈ కథ చరిత్రకి ఇంకా చక్కగా అతికేది. పదకొండే ఉంటే నేనేం చేయను. పదిమంది యజమానులు సరేనన్నారు. పదకొండో ఆయన గొంతు సవరించుకుని "చూద్దాం" అన్నారు.

మనవాళ్లలో "చూద్దాం" అంటే అర్థం ఇక్కడ పుట్టిన పిల్లలకి మాత్రమే వివరించాలి. వాళ్లు నిజంగానే చూస్తారనుకుంటారు.

ఆయన మొదటి ఐదుగురిలో ఒకరు. గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, సమయపాలన. "ప్రభువు దినాన ఉదయాన్నే మొదటి గంటలు ప్రభువుకివ్వాలి" అని కారణం చెప్పారు. కారణం గంభీరంగానే ఉంది. అసలు కారణం మాత్రం ఆసుపత్రి క్యాంటీన్‌లో బయటపడింది. ఆయన భార్య, మేమందరం ఆంటీ అని పిలిచే ఆవిడ, అమ్మతో పాటే అదే ఆసుపత్రిలో నర్సు. ఆవిడకి ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారం డ్యూటీ.

"ప్రభువు పేరు చెప్తారు గానీ అక్కా, ఒంటిగంటకి టీవీలో ఫుట్‌బాల్ ఉంటుంది" అందిట ఆంటీ. "అది నాలుగుదాకా సాగుతుంది. నాలుక్కి చర్చిలో ఉండాలంటే మూడున్నరకి బయల్దేరాలి. ఆట తేలే ఆఖరి క్వార్టర్ పోతుంది. ఈయనకి పరలోకం దొరక్కపోయినా ఫర్వాలేదు, ఆఖరి క్వార్టర్ పోకూడదు."

అమ్మ ఈ సంగతి మాతో చెప్పి, ఆయన్నేమీ అనొద్దని కూడా చెప్పింది. నేను అనలేదు. పేరొకటి పెట్టానంతే. అదెలాగో చెప్తాను.

ఆ ఏడాది అమెరికా రాజ్యాంగానికి రెండువందల ఏళ్లు. ఊరూవాడా పండగే. బ్యాంకుకి వెళ్తే పాతబడినట్టు కనిపించే కొత్త కాగితం మీద రాజ్యాంగం అచ్చువేసి చేతిలో పెట్టేవాళ్లు. సూపర్ మార్కెట్‌లో మాంసం కౌంటర్ దగ్గర ఒకాయన ఆనాటి పెద్దల్లా తెల్లవిగ్గు పెట్టుకుని నిలబడ్డాడు. స్వాతంత్ర్యయోధుడేమో అనుకున్నాను. హ్యామ్ అమ్ముతున్నాడు. నా కాలేజీలో ప్రభుత్వం గురించిన క్లాసులో మా ప్రొఫెసరు నెల రోజులు ఇదే చెప్పారు. అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఇప్పుడు పండగ చేస్తున్న రాజ్యాంగం వీళ్ల మొదటిది కాదు. దానికి ముందొకటి ఉండేది. అది పనిచేయలేదు. ఆ మొదటి సంసారం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

అది తెలిసిన రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

"పదమూడు రాష్ట్రాలు, నాన్నా. రాష్ట్రానికో ఓటు. ఏ అక్షరం మార్చాలన్నా పదమూడూ ఒప్పుకోవాలి. ఒక్కటి కాదంటే అంతే సంగతులు."

నాన్న అన్నం కలపడం ఆపారు. "ఎవరు రాశారట అలా?"

"ఎవరో మీలాంటి ఆయనే. నిండుదనం కోసం."

"నాన్నని ఏమీ అనకు, తిననీ" అంది అమ్మ.

"మరి ఎలా మార్చుకున్నారు?" అన్నారు నాన్న.

"మార్చలేదు. సవరిస్తాం అని చెప్పి ఫిలడెల్ఫియా వెళ్లారు. తలుపులేసుకున్నారు. వేసవంతా కూర్చుని ఏకంగా కొత్తది రాసుకొచ్చారు. పైగా దీనికి తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలని అందులోనే రాసుకున్నారు."

"అది మోసం కదే."

"రెండొందల ఏళ్లు గడిచాక మోసం అనరు, నాన్నా. పెరేడ్ చేస్తారు."

"ఒప్పుకోనివాళ్లు ఏమయ్యారు?" అంది అమ్మ. ఆవిడకెప్పుడూ దెబ్బ తిన్నవాళ్ల మీదే ధ్యాస.

"రోడ్ ఐలండ్ అని ఒకటుంది, అన్నిటికంటే చిన్నది. పాత పద్ధతిలో అన్నిటికీ అడ్డుపడింది అదే. ఫిలడెల్ఫియాకి మనిషిని కూడా పంపలేదు. అందరూ చేరిపోయాక, ఆ వేసవి తర్వాత మూడేళ్లకి, రెండే రెండు ఓట్ల తేడాతో వచ్చి కలిసింది."

"పాపం" అంది అమ్మ.

మర్నాటి నుంచి "చూద్దాం" అన్న ఆ పదకొండో ఆయన మా ఇంట్లో రోడ్ ఐలండ్ అంకుల్ అయ్యారు. నాన్న ఆ పేరు వాడకూడదని గట్టిగా చెప్పి, వారం తిరక్కుండానే తనూ వాడారు.

నాన్న అయ్యగారితో మాట్లాడారు. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థన మొదలవుతుందని భయపడ్డాను గానీ, ఆలోచిస్తున్నారట. ఆ వచ్చే ఆదివారం "నియమావళి సవరణ కమిటీ" అని ఒకటి ప్రకటించారు. అయ్యగారు, నాన్న, రోడ్ ఐలండ్ అంకుల్ సభ్యులు. నా తెలుగు రాత చదవడానికి వీలుగా ఉంటుంది కాబట్టి నేను సెక్రటరీ. అంకుల్ మాత్రం తనను తప్పించమన్నారు.

"సవరణే కదండీ, చేసుకోండి. ఎలాగూ చివరికి నన్నడగాలిగా" అన్నారు నవ్వుతూ.

నాన్నా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. చరిత్ర మరీ ఇంత విధేయంగా నడుస్తుందని మేమనుకోలేదు.

కమిటీ ఆ ఎండాకాలం మా వంటింట్లోనే కూర్చుంది. ఫిలడెల్ఫియాలో రహస్యం బయటికి పోకూడదని అంత వేడిలోనూ కిటికీలు మూసుకున్నారట. మేమూ మూసుకున్నాం, ఏసీ చల్లగాలి బయటికి పోకూడదని. మొదట నిజంగా సవరణే అనుకున్నాం. పది అన్నచోట నాలుగు అని రాస్తే సరిపోతుందని. ఆ రోజు అమ్మకి సెలవు. పొయ్యి దగ్గర బజ్జీలు వేస్తూ వెనక్కి తిరగకుండా అడిగింది.

"కుటుంబానికో ఓటు అన్నారు కదండీ. నా ఓటు ఎవరు వేస్తున్నారు?"

"నేనే వేస్తున్నాను" అన్నారు నాన్న.

"ఎవర్నడిగి?"

అయ్యగారు వెంటనే కళ్లు మూసుకున్నారు. ఈసారి అది ఆలోచన కాదు, ప్రార్థనే. బజ్జీలు బాండీలో బుసబుసలాడాయి. నాన్న కలం తీసి, ఆ నియమం మీద అడ్డంగా గీత కొట్టారు. డ్రాఫ్ట్స్‌మన్ కదా, కొట్టివేత కూడా తిన్నగా వచ్చింది.

ఆ గీతతో సవరణ కమిటీ చచ్చిపోయింది. ఇక రాసిందంతా కొత్తదే. కుటుంబానికో ఓటు పోయి, పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషికీ ఓటు వచ్చింది. మూడింట రెండువంతులమంది ఒప్పుకుంటే నియమం మారుతుంది. ఆరాధన సమయం నియమాల్లో ఉండదు, ఏడాదికోసారి సంఘమే చూసుకుంటుంది. "ఏకగ్రీవంగా" అన్న మాట వదులుకోవడం నాన్నకి కష్టమైంది. "మంచి మాటే" అన్నారు రెండుసార్లు, ఎవరో పోయినట్టు.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం, ఆరాధన కాగానే సర్వసభ్య సమావేశం పెట్టారు. బేస్‌మెంటు వెనకబల్ల మీద పులిహోర, కోడికూర మూతలు పెట్టి ఉన్నాయి. సమావేశం త్వరగా ముగియాలంటే అంతకంటే మంచి ఏర్పాటు లేదు. అమ్మ లేదు, డ్యూటీలో ఉంది. ఎవరి కోసం ఇదంతా జరుగుతోందో ఆ మనిషి ఇరవై మైళ్ల దూరంలో ఎవరికో మందులిస్తోంది. నేను ముందు బల్ల దగ్గర మినిట్స్ రాయడానికి కూర్చున్నాను. ఎవరైనా చూద్దాం అంటే ఏమని రాయాలో ముందే ఆలోచించి పెట్టుకోవలసింది, పెట్టుకోలేదు.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. సరిగ్గా ఆ వారమే ఫుట్‌బాల్ ఆటగాళ్లు దేశమంతా సమ్మె కట్టారు. ఆ ఆదివారం ఆటలే లేవు. చరిత్రకారులు ఇలాంటివి అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. మా సంఘ చరిత్రలో మాత్రం దీన్ని పైన పెద్దక్షరాల్లో వేయాలని నా ఉద్దేశం. ఆ రోజు అంకుల్ గడియారం చూసుకోకుండా పూర్తిగా కూర్చున్నారు.

ఈ ఏడాదికి ఆరాధన సాయంత్రం నాలుగుకి అన్న మాటతో సహా, నాన్న కొత్త నియమాలు చదివారు. అంకుల్ లేచారు.

"సవరణ అన్నారు కదండీ మీరు. జుట్టు సవరించమంటే ఏకంగా సవరం తెచ్చి పెట్టారు."

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అవతలి పక్షంవాళ్లు బాగా మాట్లాడితే ఎంత ఇబ్బందో సెక్రటరీలకే తెలుస్తుంది.

నవ్వు తగ్గాక ఆయన గొంతు మారింది. "నేనొక్కణ్నే అడ్డమని అందరూ అనుకుంటున్నారు. అనుకోండి. కానీ ఒకటి చెప్పండి. ఇవాళ టైం మారుస్తారు. రేపు పిల్లలకి అర్థం కావట్లేదని తెలుగు తీసేసి ఇంగ్లీషు పెడతారు. ఎల్లుండి విడిగా మనమెందుకని పైవాళ్లతో కలిసిపోతారు. అప్పుడు నాబోటివాడు ఒక్కడు కాదంటే వినేదెవరు? ఇప్పుడైతే నా ఒక్క మాట ఆపగలదు. అది తీసేస్తున్నారు మీరు."

ఫుట్‌బాల్ గురించి నేను దాచుకున్న జోకు నోట్లోనే ఉండిపోయింది. ఆ హాల్లో తెలుగు తెలియని పిల్లలు వెనకబెంచీల మీద ఇంగ్లీషులో గుసగుసలాడుకుంటున్నారు. ఆయన చెప్పింది అబద్ధమని ఎవరూ అనలేకపోయారు.

అయ్యగారు కళ్లు మూయబోయి, మానుకుని అడిగారు. "మరి ఓటు ఎలా వేద్దామండీ? పాత పద్ధతిలోనా, కొత్త పద్ధతిలోనా?"

"పాతది బతికుండగా కొత్తదెలా వస్తుందండీ?" అన్నారు అంకుల్. "ఏకగ్రీవమే."

న్యాయంగానే ఉంది. నాన్న ఒక్కో ఇంటి పేరూ పిలిచారు. పదిళ్లూ సరేనన్నాయి. పదకొండోది అంకుల్ ఇల్లు.

"మా ఇంటి ఓటు..." అంటూ ఆయన మొదలుపెట్టారు.

"ఉండండి" అంది ఆంటీ.

ఆడవాళ్ల వైపు వరసలోంచి లేచి నిలబడింది. ఆ ఆదివారం ఆవిడకి డ్యూటీ లేదు. భర్త వైపు చూడలేదు, నాన్న వైపు చూసింది.

"అన్నయ్యగారూ, ఏకగ్రీవం అంటే ఏంటండీ? మాట మీరే రాశారంట కదా, మీరే చెప్పండి."

నాన్నకి అంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. "ఏక అంటే ఒకటి, గ్రీవం అంటే మెడ అమ్మా. అందరిదీ ఒకటే మెడ అయినట్టు, అందరూ ఒకేలా తల ఊపడం అన్నమాట."

"అయితే మా ఇంట్లో రెండున్నాయండీ" అంది ఆంటీ. "ఒకటి అడ్డంగా ఊగుతోంది, ఒకటి నిలువుగా ఊగుతోంది. మా ఇంట్లోనే ఏకగ్రీవం కుదరనప్పుడు, మా ఇంటి ఓటు ఇదీ అని ఈయన ఎలా చెప్తారు?"

పైన ఆర్గన్ ఎందుకో ఆగింది. తర్వాత ఆడవాళ్ల వరసల్లో మొదలైన నవ్వు మగవాళ్ల వరసల్లోకి పాకింది. నాన్న నోరు తెరిచి నిలబడిపోయారు. ఎనిమిదేళ్లుగా ఆ మాటని ఆయన చెవితోనే విన్నారు గానీ, మెడలెన్నో లెక్కపెట్టలేదు.

"నువ్వు ఇంట్లో చెప్పొచ్చుగా" అన్నారు అంకుల్ మెల్లగా.

"చెప్పాను. చూద్దాం అన్నారు."

నవ్వు మళ్లీ లేచింది. అంకుల్ నవ్వలేదు, కోపంగానూ లేరు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆంటీ గొంతు తగ్గించింది.

"ఏమండీ, మీరన్నది నిజమే. తెలుగు పోకూడదు. కానీ అక్క ఏడాది నుంచి రావట్లేదు. పాట ఎత్తుకునే మనిషి టేపు పెట్టుకుని వింటోంది. నేను నెలకి రెండువారాలే వస్తున్నాను. తెలుగు పోతుందని భయపడుతూ, తెలుగు వచ్చినవాళ్లని బయట ఉంచితే ఎలా?"

ఆయన ఆవిడతో కాదు, నాన్నతో అన్నారు.

"ఒక్కటి రాయండి. ఆరాధన తెలుగులో జరగడం అన్నది మాత్రం అందరూ ఒప్పుకోనిదే మార్చకూడదు. ఆ ఒక్కటి ఉంచండి. మిగతాదంతా మీ ఇష్టం."

నాన్న ముఖం వెలిగిపోయింది. "ఏకగ్రీవంగా అని రాయమంటారా?"

"రాయండి" అంది ఆంటీ, "కానీ మెడకో ఓటు."

ఒప్పుకోనివాళ్లని కలుపుకోవడానికి అప్పటి పెద్దమనుషులూ ఇలాగే కొన్ని హామీలిచ్చి, కొన్ని కలిపి రాశారని మా ప్రొఫెసరు చెప్పారు. ఆయన చెప్పినప్పుడు అదేదో ఎత్తుగడలా వినిపించింది. ఆ హాల్లో కూర్చుని చూస్తే అంతకంటే మామూలు సంగతిలా ఉంది. ఒక మనిషి భయం ఏమిటో అడిగి, అది కాగితం మీద పెట్టడం.

"అయితే ఒప్పుకున్నట్టేనా బ్రదర్?" అన్నారు అయ్యగారు ఆశగా.

అంకుల్ కూర్చుంటూ అన్నారు. "సరే, చూద్దాం."

నా కలం ఆగిపోయింది. హాలంతా నన్నే చూస్తోంది. "ఏం రాయమంటారు, అంకుల్?"

ఆయన నోరు తెరిచేలోగా ఆంటీ అంది. "సరే అన్నంతవరకూ రాయమ్మా."

అలాగే రాశాను. ఆయన కాదనలేదు. ఎవరో కోడికూర మూత తీశారు. కొత్త రాజ్యాంగం కింద మా జాతి చేసిన మొదటి పని వరసలో నిలబడటం. రెండోది వరస తప్పడం.

సాయంత్రం అమ్మ ఇంటికి రాగానే నాన్న తలుపు దగ్గరే చెప్పారు, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో చూసుకుంటూ. అమ్మ బూట్లు విప్పుతూ అంతా విన్నది.

"అయితే వచ్చేవారం నుంచా?"

"వచ్చేవారం నుంచే."

"యూనిఫాం మార్చుకునే టైం ఉండదేమో" అంది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయని నాన్న తర్వాత నాతో అన్నారు. ఉల్లిపాయలు ఇంకా తరగలేదు కాబట్టి నేను కాదనలేకపోయాను.

యూనిఫాం మార్చుకునే టైం నిజంగానే ఉండలేదు. మరుసటి ఆదివారం నాలుగవుతుండగా అమ్మ తెల్ల యూనిఫాంలో, తెల్ల బూట్లతో, మీద కోటు వేసుకుని బేస్‌మెంటు మెట్లు దిగింది. పైనంతా నిశ్శబ్దంగా ఉంది. అడుగడుగునా ఎవరో ఒకరు వందనాలు చెప్పారు. ఆవిడ ఒక్కొక్కరికీ ఆగి తిరిగి చెప్పింది. దాంతో ఆరాధన ఆలస్యంగా మొదలైంది. సమయపాలన గురించి అంకుల్ ఏమీ అనలేదు. అయ్యగారు పాట కోసం ఆవిడ వైపు చూసిన చూపులో భక్తి కంటే విముక్తి ఎక్కువ కనిపించింది.

అమ్మ కీర్తన ఎత్తుకుంది. మరీ పైన కాదు, మరీ కింద కాదు, అందరి గొంతులూ చేరుకునే చోట. మొదటి చరణానికి ఆడవాళ్లు అందుకున్నారు. రెండో చరణానికి, ఏడాదిగా పెదవులే కదిపిన మగవాళ్లంతా నోళ్లు తెరిచి పాడారు. కొందరి శ్రుతి గురించి చెప్పకపోవడమే మంచిది. మూడో చరణానికి హాలంతా పాడుతోంది. జోకు వేద్దామని పక్కకి తిరిగాను. నడవ అవతల నాన్న కూడా పాడుతున్నారు. ఆయనకి పాట రాదు. ఊరుకున్నాను.

ప్రసంగం మొదలైంది. అయ్యగారు తన మెత్తని గొంతుతో రెండు వాక్యాలు చెప్పారో లేదో, నా భుజం మీద బరువు పడింది. అమ్మ నిద్రపోయింది. తెల్లవారుజామున ఐదింటికి లేచిన మనిషి. వేడి గాలి వచ్చే గొట్టం దూరంగా ఉన్నందుకో ఏమో, కోటు గట్టిగా దగ్గరికి లాక్కుని, నోరు కొంచెం తెరిచి, హాయిగా. ఒక దేశపు చరిత్ర, ఒక సంఘపు చరిత్ర, ఒక వేసవంతా కమిటీ, వీటన్నిటి ఫలితంగా మా అమ్మ తెలుగులో నిద్రపోతోంది.

పైన ఆర్గన్ లేదు కాబట్టి సన్నటి గురక స్పష్టంగా వినబడుతోంది. భుజం కదపబోయాను. ముందు వరసలోంచి అంకుల్ వెనక్కి తిరిగి చూశారు. చూసి, చేత్తో వద్దన్నట్టు సైగ చేశారు.

"లేపకు" అన్నారు గొంతు తగ్గించి. "డ్యూటీ చేసొచ్చింది."

అయ్యగారు కూడా గమనించినట్టున్నారు. అప్పటి నుంచి ప్రసంగం ఇంకా మెత్తగా సాగింది.

ఆఖరి ప్రార్థనకి అమ్మ తనంతట తనే లేచి, అందరికంటే ముందు ఆమేన్ అంది. కార్లో ఇంటికి వస్తుంటే అంది.

"ప్రసంగం చాలా బావుందే."

"ఏం చెప్పారు?"

అమ్మ కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది.

"వచ్చేవారం ముందు వరసలో కూర్చుందాం" అంది. "వెనక చలేస్తోంది."